తలుపుచాటు సూది

మా మామ మొహం సరిగ్గా చూడకముందే ఆయన చేతులు నాకు బాగా తెలుసు. ఏ చేతికి ఎక్కడ పుట్టుమచ్చ ఉందో, ఏ చేతి కండ మెత్తగా ఉంటుందో, ఏ చేయి సూది తగలకముందే బిగుసుకుపోతుందో ఇప్పటికీ చెప్పగలను. మొహం మాత్రం పెళ్లయిన ఏడాదిన్నర దాకా చూసింది లేదు. నవ్వకండి, మా ఇళ్లలో అప్పట్లో అంతే. కోడలు మామకు ఎదురుపడకూడదు. ఎదురుపడితే కొంగు తలమీదికి లాక్కుని పక్కకు తప్పుకోవాలి. ఏదైనా చెప్పాలంటే అత్తకు చెప్పాలి, అత్త ఆయనకు చెప్పాలి. ఆయన నాలుగు బారల దూరంలో కూర్చుని అంతా వింటున్నా సరే, అత్త మళ్లీ మొదటి నుంచీ చెప్పాల్సిందే.

కర్నూలు ఇంకా రాజధానిగా ఉన్న రోజులవి. మాది నంద్యాల. మా నాయన బడి అయ్యవారు కాబట్టి నాలుగో ఫారం దాకా చదివాను. ఆళ్లగడ్డలో భూములున్న ఇంటికి నన్నిచ్చారు. కాలువ కింద వరి, మెట్టన పత్తి, జొన్న. మామ మాటంటే ఆ వీధిలో అందరికీ హడల్. ఆయనకు ఎదురు చెప్పినవాళ్లను నేను చూడలేదు, నన్ను తప్ప. నేనైనా మొదట్లో ఎదురుగా నిలబడి చెప్పలేదనుకోండి. ఎట్లా చెప్పానో అదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు, చేలో మామ కుడికాలి బొటనవేలికి తుమ్మముల్లు దిగింది. ఆయన గట్టుమీద చెప్పులు విడిచి చేలోకి దిగే మనిషి. ముల్లు తీసేశారు గానీ పుండు మానలేదు. నెల దాటేసరికి వేలు నల్లబడి వాసన మొదలైంది. మా ఆయన బతిమాలి, అలిగి, చివరికి ఎట్లాగో నంద్యాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. పుట్టింటిని చూసినట్టుంటుందని నన్నూ వెంట రమ్మన్నారు. డాక్టరు మూత్రం పరీక్ష చేయించి, ఇది చక్కెర జబ్బు అన్నాడు. రోజూ పొద్దున ఇన్సులిన్ సూది, పథ్యం, పుండు కడిగి కట్టు కట్టడం, ఈ మూడూ నలభై రోజులు తప్పకుండా జరగాలన్నాడు. నలభై రోజులకు కొత్త చర్మం వస్తే సరి. లేకుంటే కర్నూలు పెద్దాసుపత్రిలో వేలు తీసేయాలి, నలుపు పైకి పాకితే పాదమూ పోవచ్చు.

"కాలు లేకుంటే నేను చేనికెట్ల పోతా?" అన్నాడు మామ.

"అందుకే చెప్తున్నానయ్యా, చెప్పినట్టు చేయి" అన్నాడు డాక్టరు.

ఆళ్లగడ్డలో ఒక కాంపౌండరు ఉండేవాడు. పొద్దున్నే వచ్చి సూది వేసి పోయేవాడు. ఐదో రోజు పాపం మామ పళ్లెంలో తెల్లగా వరన్నం చూసి, "పెద్దాయనా, రవ్వంత నోరు కట్టుకోవాల" అన్నాడు. అంతే! "నా ఇంట్లో నా కూడు తింటాంటే నన్నే నోరు కట్టుకోమంటాండాడు వీడు" అని మామ అతని మందుల పెట్టె తీయించి వీధిలో పెట్టించాడు. మర్నాటి నుంచి ఆ కాంపౌండరు మా వీధి మొహం చూస్తే ఒట్టు.

మరి సూది వేసేదెవరు? అత్తకు కళ్లు ఆనవు. మా ఆయనకు నంద్యాలలోనే నర్సమ్మ నేర్పించింది, బత్తాయి పండులోకి నీళ్లు ఎక్కించమని. బత్తాయికి బ్రహ్మాండంగా గుచ్చాడు. మనిషి చర్మం అనేసరికి కళ్లు తేలేసి బల్లమీద పడ్డాడు. నేను గడపలో నిలబడి అంతా చూస్తున్నాను కాబట్టి నాకు వచ్చేసింది.

"నేనేస్తానత్తా" అన్నాను.

అత్త నోటిమీద చేయి వేసుకుంది. "మామను ముట్టుకుంటావా? ఊరంతా మన మొహాన ఉమ్మేస్తాది మ్మే."

"కాలు పోతే ఊరు తెచ్చిస్తాదా?" అన్నాను. నా నోరు చిన్నప్పటి నుంచీ అంతే. మా నాయన ఎంత చెప్పినా బాగుపడలేదు.

ఆ రోజంతా ఇంట్లో గుసగుసలు నడిచాయి. మర్నాడు పొద్దున మామే తేల్చేశాడు. వసారాలో గోడకానుకుని పీట వేసుకున్నాడు, లోపలి తలుపు ఓరగా తీయించాడు, సందులోంచి చేయి మాత్రం నావైపు పెట్టాడు. "ఏసేయమను" అన్నాడు అత్తతో. లోపల నేను, బయట ఆయన, మధ్యన టేకు తలుపు. ఉడకబెట్టిన గాజు సిరంజిలోకి డాక్టరు చెప్పిన గీత దాకా మందు తీశాను. దేవుడా నువ్వే దిక్కని గుచ్చేశాను. ఆయన అబ్బా అని కూడా అనలేదు. చేయి వెనక్కి తీసుకుని, "ఆ కాంపౌండరు కంటే మేలే" అన్నాడు అత్తతో. తలుపు వెనక నేను ఎగిరి గంతేసినంత పని చేశాను.

చేయి అయ్యాక అదే సందులోంచి కాలు వచ్చేది. కాచి చల్లార్చిన నీళ్లతో పుండు కడిగి, మందు రాసి, గుడ్డ చుట్టేదాన్ని. ఇన్సులిన్ సీసా చల్లగా ఉండాలి కాబట్టి తడి ఇసుక నింపిన కుండలో పెట్టాం. అత్త ఆ కుండకు పసుపు రాసి బొట్టు పెట్టింది. వద్దంటానా? పెట్టనిచ్చాను.

పథ్యం దగ్గరే తంటా. డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని తలుపు వెనక నిలబడి, అత్తకు చదివి వినిపిస్తున్నట్టు, వీధి దాకా వినపడేంత గట్టిగా చదివాను. వరన్నం వద్దు, కొర్రన్నం కొద్దిగా, జొన్నరొట్టె, ఆకుకూరలు. బెల్లం, చక్కెర, ఓళిగలు అసలే వద్దు. సూది వేసిన అరగంటలో తప్పకుండా తినాలి. చెమటలు పట్టి, తూలి, మాట తడబడితే వెంటనే తీపి పెట్టాలి. ఈ చివరి వరుస ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. పైన తీపి వద్దని రాసి కింద తీపి పెట్టమంటే, డాక్టరు ఏదో ధ్యాసలో రాసుంటాడనుకున్నారు. నేను మాత్రం రెండుసార్లు చదువుకున్నాను.

"కొర్రలు తినేదానికా కాలువ కింద భూమి కొనింది?" అని బయట నుంచి మామ కేక. ఆ బాధ నాకూ తెలుసు. ఆయన చిన్నతనమంతా కొర్రలే తిన్నాడు. కాలువ నీళ్లొచ్చాక ఇంట్లో రోజూ వరన్నం ఉడుకుతోందంటే అదొక గొప్ప. ఆ గొప్ప మళ్లీ దింపుకోమంటే ఎవరికి మాత్రం రోషం రాదు? అయినా నేను ఊరుకోలేదు. ఆయనొక్కడికే కొర్రలంటే తినడు గదా, ఇంటిల్లిపాదికీ కొర్రన్నమే వండించాను. మా ఆయన మొహం మాడ్చుకుని తిన్నాడు.

పథ్యం సాగుతోందో లేదో చూడడానికి డాక్టరు ఒక నీలిమందు ఇచ్చాడు. గాజు గొట్టంలో ఆ మందు కొంచెం పోసి, మూత్రం ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చయితే కొంచెం, పసుపయితే ఇంకొంచెం, ఇటుక రంగుకు తిరిగితే కొంప మునిగినట్టు. అత్త పొద్దున్నే సీసా తెచ్చి పెరటి గోడమీద పెట్టి పోయేది, నేను కాచేదాన్ని. మొదటి వారమంతా ఇటుకే. ఇంట్లో చూస్తే చక్కెర పలుకు లేదు, గొట్టంలో చూస్తే ఇటుక. నాకు పిచ్చెక్కినంత పనైంది.

గుట్టు చీమలు విప్పాయి. ఒకరోజు పశువుల కొట్టంలోకి చీమలు బారులు తీరి పోతున్నాయి. వాటి వెంట పోయి చూస్తే, ఎనుముకు, అంటే మా గేదెకు, పెట్టే తవుడు కుండలోకి దిగుతున్నాయి. చేయి పెట్టి కెలికాను. గుడ్డలో చుట్టిన బెల్లం అచ్చు, ఒక పక్క కొరికి ఉంది! ఎనుము గుడ్డ మూట విప్పి, తిని, మళ్లీ ముడి వేయదు గదా. ఒళ్లు మండిపోయింది. మామ వసారాలోనే కూర్చుని ఉన్నాడు. ఆయన్ని అనడానికి లేదు. అనకుండా ఉండడం నావల్ల కాదు. మూట చేతపట్టుకుని ఎనుము ముందు నిలబడ్డాను.

"ఏమే ఎనుమా! ఏం పొయ్యేకాలమే నీకు? ఇంటిల్లిపాదీ నీకోసం కొర్రలు మింగుతాంటే, నువ్వు తవుట్లో బెల్లం దాచుకుని నాకుతాండావా? ఆ పుండు మానకుంటే కాలు తీసేస్తారు, తెలుస్తాందా? కాలు తీసేసినంక చేనికి యాడ పోతావు? ఈ గుంజకే కట్టేసి మేపాల నిన్ను. ఒకరు నీళ్లు తేవాల, ఒకరు పేడ తీయాల. అట్లా బతుకుతావా? చెప్పు, బతుకుతావా?"

అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఇంట్లోకి పరుగెత్తింది. అయిపోయింది, ఇక నా పెట్టె కూడా వీధిలోకే అనుకున్నాను. వసారాలోంచి దగ్గు వినిపించింది.

"ఏదోలే, మూగజీవం. తెలీక జేసింటాది" అన్నాడు మామ, ఎనుమువైపు చూస్తూ. "ఇంకోసారి చేయదులే."

అన్నట్టే చేయలేదు. ఆ రోజు నుంచి మాకు మాటలు కలిశాయి, ఎనుము మధ్యవర్తిత్వంతో. పొద్దున నేను పెరట్లో గొట్టం కాస్తుంటే, ఆయన కొట్టంలో నిలబడి ఎనుము మెడ నిమురుతూ, "ఈ పొద్దు ఏ రంగే?" అనేవాడు. "పసుపు. నిన్నటి కంటే మేలే, కానీ ఒక రొట్టె ఎక్కువ తిన్యావు" అని నేను ఎనుముకు జవాబు చెప్పేదాన్ని. "జొన్నరొట్టేలేవే, అదేం ఓళిగ గాదు" అని ఆయన. ఆ ఎనుము మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వీళ్లకేదో అయిందని చెవులాడించేది. పక్కింటి ఆడవాళ్లు నీళ్లకని వచ్చి గోడ దగ్గరే నిలబడిపోయేవాళ్లు. ఇంత నవ్వు ఆ ఇంట్లో అంతకుముందు లేదని అత్త తర్వాత నాతో చెప్పింది. నాకైతే పొద్దు ఎప్పుడవుతుందా అని ఉండేది.

పసుపు ఆకుపచ్చయింది. ముప్పై మూడో రోజున గొట్టం ఎంత కాచినా నీలం చెక్కు చెదరలేదు. "నీలం! నీలం!" అని నేను అరిచిన అరుపుకు మా ఆయన ఎవరో బావిలో పడ్డారనుకుని పరుగెత్తుకొచ్చాడు. మామ ఎనుముకు దోసెడు పత్తిగింజలు అదనంగా పెట్టాడు.

అదుగో, అక్కడే ఆయనకు ఇంకో పిచ్చి పట్టింది. ఏది పట్టినా గెలవాలనే మనిషి. నలభయ్యో రోజు డాక్టరు ముందు ఆకాశమంత నీలం చూపించాలని పంతం. ఆ పంతంతో ఏం చేశాడో మాకు తెలియలేదు. నలభయ్యో రోజు పొద్దున్నే ఎప్పటిలా సూది వేశాను. అత్త రొట్టెలు ఇస్తే, కొట్టంలో కూర్చుని తింటానని తీసుకుపోయాడు. తర్వాత మా ఆయనా, మామా, నేనూ నంద్యాల బస్సెక్కాం. ముందు సీట్లలో ఆడవాళ్లతో నేను, వెనక వాళ్లిద్దరూ.

బస్సు శిరివెళ్ల దగ్గరికి వస్తుండగా వెనక నుంచి మా ఆయన కేక. "నాయనా! ఓ నాయనా! ఏమయింది నాయనా?" తిరిగి చూశాను. మామ తల వాలిపోతోంది. చొక్కా తడిసి ముద్దయింది. ఏదో గొణుగుతున్నాడు, మాట మాటలో లేదు. చుట్టూ జనం మూగారు.

"మూర్ఛప్పా, చేతిలో తాళంచెవులు పెట్టండి!"

"ఎర్రగడ్డ కోసి ముక్కుకాడ పెట్టండి!"

నాకు కాగితం చివరి వరుస కళ్లముందు కనపడింది. లేచాను. కొంగు జారిందో ఉందో నాకు తెలియదు. "తీపి! ఎవురి దగ్గరన్నా తీపి ఉందా? బెల్లమో, చక్కెరో!" అని అరుస్తూ జనాన్ని తోసుకుంటూ పోయాను.

మా ఆయన అడ్డం నిలబడ్డాడు. "తీపా? నలభై దినాల నుంచి తీపి ఇసమని ఇల్లెగరగొడితివి. ఇప్పుడు నువ్వే తీపి పెడ్తావా? సంపుతావా మా నాయన్ని?"

వివరించే తీరిక ఎక్కడిది? "తప్పుకో!" అని మొగుణ్ణి పదిమందిలో పక్కకు తోసేశాను.

చాగలమర్రి నుంచి వస్తున్న ఒక ముసలి సాయిబు ఒళ్లో బత్తాసుల బుట్ట ఉంది. మనవరాలి నిఖాకని తీసుకుపోతున్నాడట. నా మొహం చూసి, ఒక్క మాట అడగకుండా బుట్టమీది గుడ్డ చింపేశాడు. "తీస్కో బేటీ, ఎన్ని కావాల్నో తీస్కో." బత్తాసు నలిపి మామ చెంపలోకి పెట్టాను. దవడ పట్టుకుని, "మింగు మామా, మింగు! నా మాట ఇను, మింగు!" అన్నాను. ఒకటి, రెండు, మూడు. డ్రైవరు బస్సు ఆపేశాడు. ఎవరో నీళ్లిచ్చారు. పోతున్నాడేమో, నేను వేసిన సూదే ఆయన్ని తీసుకుపోతుందేమో అనుకుంటూనే నాలుగోది నలిపాను. అంత భయం నేను మళ్లీ ఎప్పుడూ పడలేదు.

నాలుగో బత్తాసు కరిగాక ఆయన తల ఎత్తాడు. కళ్లు నిలబడ్డాయి. నా మొహంలోకి తేరిపార చూశాడు.

"ఎవురు మ్మే నువ్వు?"

"నీ కోడల్ని, మామా."

బత్తాసు పొడి అంటిన నా చేతివైపు చూశాడు. "ఆఁ, ఈ చేయి ఎరికే" అన్నాడు.

బస్సంతా నవ్వేసింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఏడుపుతో పాటే కోపమూ వచ్చింది. "పొద్దున రొట్టె తిన్యావా లేదా? నిజం చెప్పు మామా."

"ఎనుముకు పెట్టినా."

"ఎందుకూ?"

"తినకుంటే నీలం బాగొస్తాదని."

"నీలం పాడుగాను! సూది ఏపిచ్చుకుని తినకుంటే ప్రాణం పోతాదని కాగితంలో రాసింది గదా! రంగు కోసం సస్తావా? సచ్చినంక వేలెందుకు, కాలెందుకు?" ఎదురుగా నిలబడి, వేలు చూపించి, నలభై రోజుల తిట్లూ తిట్టేశాను. ఆళ్లగడ్డ వాళ్లు సగం మంది ఆ బస్సులో ఉన్నారు. మామ తలొంచుకుని అంతా విన్నాడు.

"సర్లే, తప్పే" అన్నాడు చివరికి. "ఇంకో రొండు బత్తాసులియ్యి."

ఒక్కటే ఇచ్చాను.

నంద్యాలలో డాక్టరు గొట్టం కాచాడు. అన్ని బత్తాసులు తిన్నాక నీలం ఎక్కడి నుంచి వస్తుంది? పసుపు కూడా దాటిపోయింది. మామ మొహం చూడాలి! "నలభై దినాలు కొర్రలు తింటే ఈ పొద్దు ఈ రంగా!" అని బల్ల గుద్దాడు. జరిగింది చెప్తే డాక్టరు నవ్వలేదు. "కడుపులో ఏమీ లేకుంటే ఆ సూదే ఒంట్లో చక్కెరంతా లాగేస్తుంది. తినవద్దన్నప్పుడు మానడం ఎంత పథ్యమో, తినమన్నప్పుడు తినడమూ అంతే పథ్యం. ఈ అమ్మాయి లేకుంటే ఈ రోజు నీ శవం దింపేవాళ్లు" అన్నాడు. తర్వాత కట్టు విప్పాడు.

రోజూ విప్పి కట్టింది నేనే. నల్లటి తోలు రాలిపోవడం చూశాను, కింద ఎర్రదనం చూశాను. అయినా డాక్టరు నోటి నుంచి రావాలి గదా. ఆయన వేలు నొక్కాడు, తిప్పి చూశాడు, గోరు కింద చూశాడు, మళ్లీ నొక్కాడు. "నొప్పి తెలుస్తోందా?" అంటే మామ తెలుస్తాందన్నాడు. మా ఆయన గోడ పట్టుకున్నాడు.

"కర్నూలు పోనక్కర్లేదు" అన్నాడు డాక్టరు.

మామ డాక్టరువైపు చూడలేదు. గుమ్మంలో నిలబడిన నావైపు తిరిగాడు.

"ఇన్నావా?" అన్నాడు.

"ఇన్నాను మామా" అన్నాను. అంత సంతోషం నాకు పెళ్లి రోజున కూడా కలగలేదంటే అతిశయం కాదు.

మర్నాటి నుంచి లోపలి తలుపు బార్లా తీసే ఉండేది. మామ మంచంమీద కూర్చుని చేయి చాపేవాడు, నేను ఎదురుగా నిలబడి సూది వేసేదాన్ని, వేశాక ముందు పళ్లెం పెట్టి ఆఖరి ముక్క దాకా తినేది చూసి కానీ కదిలేదాన్ని కాదు. ఎవరో పెద్దామె అత్తను నిలదీసిందట, కోడలు మామ ఎదుట నిలబడడమేందని. "నా కాలు నిలబెట్టినామె నా ఎదుట నిలబడితే ఎవురికి నొప్పి?" అని మామే లోపల నుంచి అరిచాడు. ఇక ఎవరూ అడగలేదు.

ఇరవై రెండేళ్లు ఆయన చేలో నడిచాడు, చెప్పులేసుకునే. పోయినప్పుడు నిద్రలోనే పోయాడు, నొప్పీ బాధా లేకుండా. స్నానం చేయించాక మగవాళ్లు కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టడానికి దారం అడిగారు. దారం నేనే తెచ్చి, జరగండి, ఆ వేలికి కట్టు కట్టడం నాకే తెలుసన్నాను. ఎవరూ కాదనలేదు. వేళ్లు రెండూ ఉన్నాయి. రెండూ దగ్గరికి చేర్చి, నొప్పి తెలియకుండా కట్టినట్టే మెల్లగా కట్టాను.